బొమ్మకు గొంతిచ్చిన మైకు రాజనర్సు

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో రాజనర్సు తన ఇంట్లో కూర్చుని మంచినీళ్లు అడిగితే, మూడిళ్ల అవతల ఎవరో ఒకరు చెంబుతో బయటికి వచ్చేవారు.

అందులో ఆయన తప్పేమీ లేదు. ఇరవై ఏడేళ్లు ఆటో వెనక సీట్లో మైకు పట్టుకుని తిరిగిన గొంతు అది. చీరల సేల్ పెట్టినా, సర్కస్ వచ్చినా, రేపు నల్లా రాదని చెప్పాలన్నా రాజనర్సు ఉండాల్సిందే. ఒకసారి బోధన్‌లో ఎవరిదో బర్రె తప్పిపోతే ఆయన్నే పిలిపించారు. ఆయన చెరుకు తోటల మధ్య ఆటోలో తిరుగుతూ దాని కొమ్ముల వంకర, నుదుటి మీది చుక్క వర్ణించి వర్ణించి చెబుతుంటే, యజమాని కంటే ముందు ఆ బర్రే వచ్చి ఆటో వెనక నిలబడిందట. ఈ సంగతి చెప్పింది రాజనర్సే కాబట్టి నమ్మినవాళ్లు నమ్మారు.

తర్వాత చిప్పు పెట్టిన డబ్బాలు వచ్చాయి. ఒక్కసారి గొంతు నింపుకుంటే చాలు, ఆటో డ్రైవరే మీట నొక్కి ఊరంతా తిప్పుకుంటాడు. రాజనర్సు గొంతును చిప్పులో పెట్టుకుని, రాజనర్సును ఇంటికి పంపించారు. ఆయన గడప మీద కూర్చుని ఉంటే, ఆయన గొంతే ‘ఆలస్యించిన ఆశాభంగం’ అని అరుచుకుంటూ ఇంటి ముందు నుంచి వెళ్లిపోయేది.

బీడీలు చుట్టుకుంటున్న భార్య భూమవ్వ తలెత్తకుండానే అనేది. “నీకంటె గా డబ్బనే నయం. మీట నొక్కితె ఆగుతది.”

పని లేని గొంతు ఊరికే ఉండదు. కూరగాయలవాడి దగ్గర, కిరాణం దుకాణంలో, పక్కింటి పెళ్లిచూపుల్లో కూడా దూరేది. అటువంటి రోజుల్లో రాజనర్సుకు పన్ను నొప్పి వచ్చింది. కంఠేశ్వర్‌లోనే ఉన్న పళ్ల డాక్టరు దగ్గరికి పోయి, నొప్పి ఎలా ఉందని కాంపౌండరు అడిగిన పాపానికి చెప్పడం మొదలుపెట్టాడు.

“నొప్పి గాదు సారు గది. నా దవడల ఎవడో బోరు ఏస్తుండు. రాత్రి నుంచి రెండు వందల ఫీట్లు దిగింది. దుబ్బ లేస్తున్నది గని నీళ్లు పడ్తలేవు. నడుమ నడుమ రాయి తగుల్తున్నది సూడు, గప్పుడు నా కన్ను దానంతట అదే కొట్టుకుంటున్నది. పొద్దుగాల పాలామె తప్పుగ అర్థం జేస్కున్నది.”

ఇరవై నిమిషాలు చెప్పాడు. ఆయన వెనక వరుసలో నిలబడ్డ ఒక యువతి చెంప పట్టుకుని ముందుకొచ్చింది.

“బాపూ, నేను మా అమ్మకు మందులు తీస్కపోనీకి వచ్చిన. మీ మాటలు ఇన్నంక నాకు గూడ పన్ను నొస్తున్నది. మీరేం పని చేస్తరు?”

ఆమె పేరు సంజన. అంబులెన్సులో పనిచేయబోయేవాళ్లకు చదువు చెప్పే మేడం. బోధన్ రోడ్డులో కొత్తగా తెరిచిన శిక్షణ కేంద్రంలో ఆమెదే పెత్తనం. అక్కడ ఒక పెద్ద గది ఉంది. మూడు గోడల మీదా సినిమా తెర మాదిరి దృశ్యాలు పడతాయి. మీట నొక్కితే గది చెరుకు లారీలు పోయే రోడ్డవుతుంది, ఇంకో మీట నొక్కితే పెళ్లి మండపమవుతుంది. హారన్ల మోత, వాన చప్పుడు, పొగ, అన్నీ నిజమైనట్టే ఉంటాయి. నడుమ పడుకోబెట్టిన రబ్బరు బొమ్మ ఊపిరి తీస్తుంది, చెమట పోస్తుంది, చెయ్యి పట్టుకుంటే నాడి ఆడుతుంది. నిజం మనిషి ప్రాణం మీదికి రాకముందే ఈ బొమ్మ మీద తప్పులన్నీ చేసి నేర్చుకోవాలన్నది లెక్క.

ఒక్కటే చిక్కు. ఆ బొమ్మ ఇంగ్లీషులో మాట్లాడేది. ‘ఐ హావ్ చెస్ట్ పెయిన్’ అని మర్యాదగా ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది.

“మన జిల్లాల ఏ పేషెంటన్న గంత సక్కగ చెప్తడా?” అని సంజన వాపోయింది. “మాకు మన ఊరి గొంతు కావాలె బాపూ. మీరు అద్దం వెనక కూసుండి మైకుల మాట్లాడితె బొమ్మ నోట్లెకెల్లి వస్తది.”

మైకు అన్న మాట చెవిన పడగానే రాజనర్సు పన్ను నొప్పి సగం తగ్గిపోయింది.

మొదటి రోజు వాచ్‌మన్ పేరడిగాడు. ‘రాజనర్సు’ అన్నాడాయన. వాచ్‌మన్ రిజిస్టరులో పేరు: రాజ, పని: నర్సు అని రాసుకుని, నర్సుల గదికి పంపాడు. అక్కడ ఒకామె ఆయన చేతికి సూది, ఒక నారింజపండు ఇచ్చి, ఎక్కడ గుచ్చాలో చూపించమంది. రాజనర్సు నారింజపండు ఒలిచి సగం ఆమెకే ఇస్తుండగా సంజన వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోయింది.

అద్దం వెనక చిన్న గదిలో అనిల్‌కుమార్ అనే మనిషి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. బొమ్మ గుండె, ఊపిరి, బీపీ ఆయన చేతిలో ఉంటాయి. రాజనర్సు ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అద్దానికి అవతల బొమ్మ మంచం దగ్గర ఇద్దరు విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు. జక్రాన్‌పల్లి నుంచి వచ్చే వేణు ఆరడుగుల మనిషి. కమ్మర్‌పల్లి అమ్మాయి అంకిత ఆయన భుజం దాకా వస్తుంది. రాజనర్సు చేతిలో ఉన్న కాగితం మీద ‘నీరసంగా, ఆగి ఆగి: ఛాతీలో నొప్పి’ అని రాసి ఉంది.

వేణు బొమ్మ మీదికి వంగి, నోటి దగ్గర చెవి పెట్టి, ఊపిరి ఆడుతోందో లేదో వింటున్నాడు.

“హలో! హలో! మైక్ టెస్టింగ్! వన్, టూ, త్రీ!” అంది బొమ్మ.

వేణు వెనక్కి ఎగిరి ఆక్సిజన్ సిలిండరు మీద కూర్చున్నాడు. అంకిత చేతిలోని బీపీ పట్టీ ఫ్యాను రెక్కకు తగులుకుని గిరగిరా తిరిగింది. రాజనర్సు ఇదేమీ గమనించే స్థితిలో లేడు. చాలా రోజులకు మైకు దొరికింది.

“ప్రియమైన ప్రజలకు విజ్ఞప్తి! నా ఛాతీలో నొప్పి! రండి, చూడండి, త్వరపడండి! ఈ అవకాశం కొద్దిసేపు మాత్రమే!”

అనిల్‌కుమార్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడో ఏడ్చాడో తెలియదు. సంజన మాత్రం కోప్పడలేదు. కాగితం తీసి పక్కన పెట్టింది.

“బాపూ, పన్ను గురించి చెప్పిండ్రు గదా. గట్ల చెప్పుండ్రి. ఎవరో ఒక మనిషి అనుకొని చెప్పుండ్రి.”

ఎవరో ఒక మనిషి అంటే ఎవరు? రాజనర్సు ఆ రాత్రంతా ఆలోచించాడు. మరునాటికి బొమ్మకు ఒక పేరు, ఒక ఊరు, మూడెకరాల పసుపు, బీపీ, షుగరు వచ్చేశాయి. పేరు గంగారాం. ఊరు కమ్మర్‌పల్లి పక్కన. బీపీ మందులు వేసుకుంటాడు గానీ అవి పక్కింటాయనవి.

“పెద్దమనిషీ, ఏమైతున్నది?” అని అడిగింది అంకిత.

“ఏమైతది బిడ్డా,” అన్నాడు గంగారాం, మెల్లగా మూలుగుతూ. “మొన్న మంగళారం మా మేనగోడలు సీమంతం ఉండె.”

“నొప్పి ఎక్కడ?”

“గాడికే వస్తున్న, ఆగు. పొయ్యేటప్పుడు బస్సుల సీటు దొర్కలే.”

“ఛాతీలనా, కడుపులనా?”

“ఆడ బగార అన్నం పెట్టిండ్రు. మా బావకు రెండుసార్లు ఏసిండ్రు, నాకు ఒక్కపాలి ఏసిండ్రు. గది మనసుల వెట్టుకోకు అన్నది నా పెండ్లాం. ఎట్ల వెట్టుకోకుంటరు, నువ్వే జెప్పు?”

వేణు, అంకిత మర్యాదగా వింటూ నిలబడ్డారు. అనిల్‌కుమార్ బీపీ తగ్గిస్తూ పోయాడు. కథ సీమంతం దాటి, తిరుగు బస్సు ఎక్కి, ఆర్మూరులో దిగి, ఎడమ చెయ్యి గుంజడం దాకా వచ్చేసరికి ఏడు నిమిషాలైంది. అప్పటికి గుండె ఆగిపోయి ఒక నిమిషం అవుతోంది.

“మీకు దొరికే పేషెంట్లు గిట్లనే ఉంటరు!” అని సంజన చప్పట్లు కొట్టింది. “ఆయన సీమంతం చెప్పనియ్యుండ్రి. మీ చేతులు ఖాళీగ ఎందుకున్నయి? ఒకలు ఈసీజీ వైర్లు పెట్టాలె, ఒకలు బీపీ చూడాలె, నడుమ నడుమ సిన్న సిన్న ప్రశ్నలు అడగాలె.”

ఆ రోజు నుంచి గంగారాం ఆ కేంద్రంలో మనిషైపోయాడు. షేర్ ఆటో బోల్తా పడితే అందులో ఆయనే. పెళ్లిలో గొంతుకు ఎముక అడ్డం పడితే ఆయనకే. చెరుకు తోటలో పాము కరిచినా ఆయన్నే. ఇన్ని ఆపదలు ఒక్క మనిషికే రావడం ఎవరికీ వింతగా అనిపించలేదు. వేణు ఆయన కోసం ఇంటి నుంచి ఒక తువ్వాల తెచ్చి భుజాన వేశాడు. అంకిత పొద్దున రాగానే ‘బాపూ, ఉప్పు తగ్గించినవా?’ అని అడిగి గానీ సంచి దించేది కాదు. రాజనర్సు కూడా ఆ లోకంలో ఎంత మునిగిపోయాడంటే, గోడ మీద చెరుకు లారీ హారన్ కొట్టుకుంటూ మీదికి వస్తే అద్దం వెనక కుర్చీలోంచి దూకి అనిల్‌కుమార్ ఒళ్లో పడ్డాడు.

గంగారాంకు భార్య కూడా ఉంది. పేరు సత్తెవ్వ. నొప్పి మధ్యలో ఊపిరి అందితే చాలు, గంగారాం ఆమె మీద పితూరీలు చెప్పేవాడు. రొట్టె పెనం మీద ఉన్నప్పుడే ఆమెకు ముప్పై ఏళ్ల నాటి పగలు గుర్తొస్తాయట, రొట్టె మాడిపోతుందట. గురక కొడుతుందట గానీ ఒప్పుకోదట. టీవీ రిమోటును బీడీలు చుట్టే తునికాకు చాటలో ఆకుల కింద దాస్తుందట. ఇవన్నీ రాజనర్సు ఎక్కడి నుంచి తెచ్చాడో వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో అనలేని మాటలు బొమ్మ నోటితో అనేస్తే కడుపు ఎంత చల్లబడుతుందో ఆయనకే తెలుసు.

అలా చల్లబడుతూ ఉండగా ఒకనాడు ఆయన టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోయాడు. భూమవ్వ అది పట్టుకుని ఆటోలో దిగింది. వేణు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఎవరినీ తప్పుపట్టని తన ధోరణిలో ముచ్చట మొదలుపెట్టాడు.

“అవ్వా, గంగారాం బాపు మంచోడు. ఆయన పెండ్లాం సత్తెవ్వనే జర గయ్యాళిది. రిమోటు గూడ ఇయ్యదట.”

భూమవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది. “యాడ దాస్తదంట బిడ్డా?”

“తునికాకు చాటల.”

“ఇంకేమేం జేస్తదంట?”

వేణు అన్నీ చెప్పాడు. గురక దగ్గరికి వచ్చేసరికి భూమవ్వ లేచి, డబ్బాతో సహా పెద్ద గదిలోకి నడిచింది. లోపల మూడు గోడల మీదా బోధన్ చెరుకు తోట, బోల్తా పడ్డ ట్రాక్టరు, పొగ. ఆమె పొగను చేత్తో పక్కకు తోసి, బొమ్మ మీదికి వంగింది.

“గురక కొడ్తనా నేను?”

అద్దం వెనక రాజనర్సు మీద చాయ్ ఒలికింది.

“అడుగుతున్న గదా! ముప్పయ్యేండ్ల సంది మాడిన రొట్టెలే తింటున్నవా?”

“ఎవలమ్మా నువ్వు?” అంది బొమ్మ, సన్నని గొంతుతో.

“సత్తెవ్వను!”

అనిల్‌కుమార్ రాజనర్సు ముఖంలోకి ఒక్కసారి చూసి, ఎవరూ చెప్పకుండానే గుండె వేగం నూట అరవైకి పెంచాడు. మిషను కీచుమంది. అంకిత ఇది కూడా పాఠంలో భాగమే అనుకుంది. గబగబా వచ్చి భూమవ్వ భుజాల చుట్టూ చెయ్యి వేసి, “అవ్వా, ముందుగాల బాపుకు గాలి ఆడనియ్యి. కొట్లాట దవాఖానకు పోయినంక పెట్టుకుందం. నేను గూడ నీ దిక్కే ఉంట” అని నెమ్మదిగా పక్కకు తీసుకుపోయింది.

“గీ అవ్వను రోజు తోల్కరండి!” అని సంజన అద్దం వెనక నుంచి అరిచింది. “పేషెంటు మీద పడే ఇంటోళ్లను ఎట్ల సముదాయించాల్నో ఏ పుస్తకంల గింత మంచిగ లేదు!”

ఇంట్లో మాత్రం మూడు రోజులు రొట్టె మాడలేదు. రొట్టే లేదు. నాలుగో రోజు రాజనర్సు రిమోటు స్వయంగా తీసుకెళ్లి ఆకుల కింద పెట్టి రాజీకి వచ్చాడు.

పరీక్ష రోజు దగ్గరపడింది. హైదరాబాద్ నుంచి డాక్టర్ సుమన అనే పెద్ద మేడం వచ్చి మార్కులు వేస్తుంది. తక్కువ మాట్లాడి ఎక్కువ రాసుకునే మనిషి అని ముందే కబురు వచ్చింది. సంజన రాజనర్సును, భూమవ్వను కూర్చోబెట్టి విషయం చెప్పింది. గంగారాంకు గుండెపోటు. వేణు, అంకిత చేయాల్సిందంతా చేస్తారు. అయినా పదో నిమిషంలో ఆయన పోతాడు. పోయినవాళ్ల ఇంటివాళ్లకు ఆ మాట ఎలా చెప్పాలన్నదే అసలు పరీక్ష. భూమవ్వ సత్తెవ్వగా మంచం పక్కనే ఉండాలి.

రాజనర్సు ముఖం చిన్నబోయింది. “పసుపు తవ్వకముందే ఎట్ల పోతడు మేడం?”

“బాపూ, ఆయన బొమ్మ.”

“బొమ్మనే. కాదంటున్ననా? జర పసుపు తవ్వినంక పెట్టుకుందం అంటున్న.”

“మీరు చెయ్యాల్సింది ఏం లేదు. అనిల్ గుండె ఆపుతడు, మీరు నోరు మూస్తరు. గంతే.”

గంతే అన్నది గానీ, ఆ రెండో పని రాజనర్సు పుట్టి బుద్ధెరిగాక చేసింది లేదు.

పరీక్ష మొదలైంది. గోడల మీద పల్లెటూరి ఇల్లు, వాకిట్లో ఆరబోసిన పసుపు, ఎక్కడో బస్సు హారన్. గంగారాం మేనకోడలి సీమంతం ఎత్తుకున్నాడు. వేణు, అంకిత చెవులు అక్కడ ఉంచి చేతులు ఆడించారు. మాత్ర ఇచ్చారు, వైర్లు పెట్టారు, ఎప్పుడు మొదలైందో, ఏ చెయ్యి గుంజుతోందో సీమంతం సందుల్లోంచి లాగారు. డాక్టర్ సుమన రాసుకుంటూ ఉంది.

తొమ్మిదో నిమిషం. ఏడవమని చెప్పారు గానీ భూమవ్వకు ఏడుపు రాలేదు. ఏం చేయాలో తోచక బొమ్మ చెయ్యి పట్టుకుని తన వైపు లాక్కుంది. ఆ రబ్బరు చెయ్యి వెచ్చగా ఉంది. ఆ నోట్లోంచి వచ్చే మూలుగు అచ్చం తన మొగుడిది.

“ఇగో, ఇను,” అంది తగ్గు స్వరంతో. “రిమోటు నువ్వే ఉంచుకో. గురక గూడ... కొడ్త కావొచ్చు. కొడ్త. ఇప్పుడైతె లేసి కూసో.”

పదో నిమిషం. అనిల్‌కుమార్ మీట నొక్కాడు. మిషను మీద పచ్చగీత అడ్డంగా పడుకుంది. టీ... అని ఒకటే మోత.

అద్దం వెనక రాజనర్సు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. చేతులు ఆగాయి గానీ నోరు ఆగలేదు.

“ఒప్పుకున్నది!” అంది బొమ్మ, గది అదిరిపోయేట్టు. “గురక కొడ్తనని ఒప్పుకున్నది! అందరు ఇన్నరు గదా?”

గీత ఇంకా పడుకునే ఉంది. సంజన కళ్లు మూసుకుంది. వేణు చనిపోయిన మనిషి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కబోతున్నవాడల్లా అంకిత వైపు చూశాడు.

“ఆగు వేణన్నా!” అంది అంకిత. “మనిషి మాట్లాడుతుండు గదా. గుండె ఆగినోడు ముచ్చట పెడ్తడా? మిషన్ సూడకు, మనిషిని సూడు.”

బొమ్మ మెడ దగ్గర వేళ్లు పెట్టింది. అద్దం వెనక అనిల్‌కుమార్ చెమటలు కక్కుతూ నాడి మీట వెతికి నొక్కాడు. వేళ్ల కింద నాడి కొట్టుకుంది. అంకిత ఒక్కొక్క వైరే తడుముతూ వచ్చింది. భూమవ్వ చెయ్యి లాగినప్పుడు ఊడిన వైరు ఒకటి నిజంగానే మంచం పక్కన వేలాడుతోంది. దాన్ని తీసి అతికించగానే అనిల్‌కుమార్ తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుని గుండె మీట కూడా నొక్కాడు. గీత లేచి నడిచింది.

భూమవ్వ బొమ్మ చెంప మీద ఒక్కటి చరిచింది. “గింత భయపెడ్తవా?”

డాక్టర్ సుమన పెన్ను మూసింది. “సంజనా, ఈ మలుపు ఎవరి ఆలోచన?”

సంజన నోరు తెరిచేలోపే బొమ్మ జవాబిచ్చింది. “గంగారాంది మేడం.”

పెద్ద మేడం పెదవుల మీద నవ్వు లాంటిది ఒకటి వచ్చి పోయింది. “మిషన్ చెప్పిందే నమ్మి, బతికున్న మనిషి ఛాతీ నొక్కబోయినవాళ్లను చూశాను నేను. ఆ అమ్మాయి ముందు మనిషిని చూసింది. పూర్తి మార్కులు వేస్తున్నాను. కానీ ఇంటివాళ్లకు చావు కబురు చెప్పే భాగం మిగిలిపోయింది. భోజనాలయ్యాక ఆ ఒక్కటి మళ్లీ పెట్టండి.”

భోజనాల దగ్గర సంజన రాజనర్సును నిలదీసి కడిగేసింది. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. మధ్యాహ్నం చావమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

“ఏమన్న అనుండ్రి మేడం. ఒకపాలి బతికినోన్ని మళ్ల సంపుడు నాతోని గాదు.”

“జరుగు అవతలికి,” అంది భూమవ్వ, చెయ్యి కడుక్కుని వస్తూ. “నేను సస్త.”

బొమ్మకు సవరం కట్టి, చీర కప్పారు. భూమవ్వ మైకు ముందు కూర్చుంది. ఆమె నిమ్మళంగా, హడావుడి లేకుండా చావడం మొదలుపెట్టింది. బీరువా తాళం ఎక్కడుందో చెప్పింది. మామిడికాయ తొక్కుకు తడి చెంచా పెట్టొద్దంది. ఏ ఆడబిడ్డను దినాలకు పిలవాలో, ఏ ఆడబిడ్డను పిలవకూడదో పేరుపేరునా చెప్పింది. అనిల్‌కుమార్ మీట మీద వేలు పెట్టుకుని పదిహేను నిమిషాలు ఎదురుచూశాడు. చివరికి ఆమే ఆయన వైపు తిరిగి, ఇక ఆపు అన్నట్టు చెయ్యి ఊపింది.

అవతల మొగుడి వేషంలో నిలబెట్టిన వాచ్‌మన్‌కు అంకిత మెల్లగా, తిరుగుడు మాటలు లేకుండా, చెయ్యి పట్టుకుని కబురు చెప్పింది. వాచ్‌మన్ నిజంగానే ఏడ్చాడు. డాక్టర్ సుమన కళ్లద్దాలు తుడుచుకుంటూ, పిలవకూడని ఆడబిడ్డ ఏం చేసిందని సంజనను అడిగింది.

అప్పటి నుంచి ఆ కేంద్రంలో పద్ధతి స్థిరపడింది. బతికే కేసులన్నీ రాజనర్సువి. చావులన్నీ భూమవ్వవి. వేణు, అంకిత ఇప్పుడు అంబులెన్సులో తిరుగుతున్నారు, కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లు కూడా మొదటి వారంలో సీమంతం నిలబడి వింటారు, రెండో వారంలో చేతులు ఆడిస్తూ వింటారు.

మొన్న సాయంత్రం మొగుడూ పెళ్లాం ఆటో ఎక్కి కంఠేశ్వర్ పోతున్నారు. ఇద్దరూ అలసిపోయి ఉన్నారు. కొత్త డ్రైవరు, మాటకారి, ఇద్దరూ కలిసే పనికి పోతారా అని అడిగాడు. పోతామన్నాడు రాజనర్సు.

“ఏం పని అవ్వా?” అన్నాడు డ్రైవరు.

“ఈయనకు పొద్దుగాల గుండెపోటు వచ్చింది,” అంది భూమవ్వ ఆవలిస్తూ. “నేను పగటీలి రెండుసార్లు సచ్చిన. రేపు మళ్ల తొమ్మిదింటికి.”

డ్రైవరు అద్దంలో వాళ్లను ఒకసారి చూశాడు. ఆ తర్వాత కంఠేశ్వర్ దాకా వెనక్కి తిరగలేదు, దారిలో ఇంకెవరినీ ఎక్కించుకోలేదు.